ఒక్క నిమిషం ఆగండి ఆంటీ

మూడేళ్ల క్రితం, ఆక్లాండ్‌లో నేను రోజూ రైల్లో ఆఫీసుకు వెళ్లే రోజులవి. ఓ ఉదయం మా రైలు క్యాన్సిల్ అయింది. ఆ నెలలో అది మూడోసారి. ఒళ్లు మండి, ప్లాట్‌ఫాం మీదే ఫోన్లో పరిహారం కోసం క్లెయిమ్ ఫారం నింపడం మొదలుపెట్టాను.

నేను తెలుగులో విసుక్కోవడం విన్నట్టుంది, చీర మీద స్వెట్టర్ వేసుకున్న ఒక పెద్దావిడ దగ్గరికి వచ్చింది.

"బాబూ, అందరూ అటు పోతున్నారేంటి?"

"ఒక్క నిమిషం ఆగండి ఆంటీ" అన్నాను, తల ఎత్తకుండానే.

ఫారం పంపి చూసేసరికి, రైలుకు బదులు వేసిన బస్సు వెళ్లిపోయింది.

"ఇప్పుడు ఆస్పత్రికి ఎలా పోవాలి బాబూ? మా ఆయనకి గుండె ఆపరేషన్. లోపలికి తీసుకెళ్లేలోపు నేను కనబడకపోతే భయపడిపోతారు" అంది.

వెంటనే ట్యాక్సీలో తీసుకెళ్లాను. అప్పటికే ఆయన్ని థియేటర్‌లోకి తీసుకెళ్లిపోయారు.

"నాన్న 'అమ్మ వచ్చిందా' అని తలుపు దాకా అడుగుతూనే ఉన్నారు" అన్నాడు, అక్కడున్న వాళ్లబ్బాయి.

ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ అది ముగిసేదాకా బయట ఆవిడ పడ్డ వేదన పక్కనే కూర్చుని చూశాను. నన్ను ఒక్క మాటా అనలేదు. పైగా క్యారియర్ విప్పి నాకు ఇడ్లీ పెట్టింది.

తర్వాత పరిహారం వచ్చింది. కానీ ఆ ఉదయం ఒక్కసారి తల ఎత్తి ఆవిడ ముఖం చూసి ఉంటే, ఆ బస్సు అందేది.