పెద్ద టైపమ్మ కంప్యూటర్

ఆ రోజు పొద్దున తలుపు తీసేసరికి కంప్యూటర్ ఆరిపోయి ఉంది.

ఇంకెవరికైనా అందులో వింతేమీ ఉండదు. సాయంత్రం ఆపేసి వెళ్ళిన యంత్రం పొద్దున ఆరిపోయి ఉండక ఏం చేస్తుంది? కానీ చిన్న టైపమ్మ మాత్రం తాళంచెవి చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. రెండేళ్ళుగా, ఒక్క రోజు కూడా తప్పకుండా, ఆమె వచ్చేసరికి ఆ కంప్యూటర్ తనంతట తానే వెలిగి ఉండేది.

కోర్టుకి ఎదురుగా, దర్జీ కొట్టు పక్కన మెట్ల కింద ఉన్న ఇరుకు గది అది. ముగ్గురు కూర్చుంటే నాలుగోవాడు నిలబడాల్సిన బల్ల ఒకటి, రెండు మేజాలు, ఒక ప్రింటర్. అర్జీలు, దస్తావేజులు, సెలవు చీటీలు, విన్నపాలు టైపు చేసి ఇచ్చే చోటు. ఇరవై ఏళ్ళ కిందట అక్క మొదలుపెట్టింది. చెల్లెలు తర్వాత వచ్చి చేరింది. వచ్చేపోయే జనం అక్కని పెద్ద టైపమ్మ అనీ, చెల్లెల్ని చిన్న టైపమ్మ అనీ పిలిచేవారు. అసలు పేర్లు అడిగినవాళ్ళు లేరు.

అక్క బతికున్నన్నాళ్ళూ ముందుగా వచ్చేది అక్కే; మంచం పట్టిన కొద్ది రోజులూ గది మూసే ఉంది. అందుకని కంప్యూటర్ వెలిగించేది కూడా అక్కే అనుకునేది చిన్న టైపమ్మ. అక్క పోయాక మొదటిసారి ఒంటరిగా వచ్చి తాళం తీసిన రోజున గదంతా చీకటిగా ఉంది, తెర మాత్రం తెల్లగా వెలుగుతోంది. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఎవరో ఇప్పుడే కుర్చీలోంచి లేచి పక్కకి వెళ్ళినట్టుంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారని ఒక భయం. అంతకన్నా పెద్ద భయం, అంటే అది ఆగిపోతుందేమోనని. పొద్దున్నే వచ్చి, వెలుగుతున్న తెర ఎదురుగా ఒక్క నిమిషం నిలబడి, "వచ్చానే" అని నెమ్మదిగా అని కూర్చోవడం ఆమెకి అలవాటైపోయింది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ కంప్యూటర్‌లో అక్క కుదించి పెట్టుకున్న మాటలు వందలకొద్దీ ఉండేవి. రెండు మూడు అక్షరాలు కొట్టి ఖాళీ మీట నొక్కితే చాలు, పేరా మొత్తం దానంతటదే పడిపోయేది. పనికొచ్చే నలభై యాభై చెల్లెలికి నేర్పింది. మిగతావి అక్క వేళ్ళకే తెలుసు. అక్క పోయాక చేతివేగంలో ఏదో ఒక అక్షరం పొరపాటున పడేది. ఉన్నట్టుండి తెర మీద ఒక వాక్యం లేచి నిలబడేది. ఒకసారి ఎవరో రైతు అర్జీ మధ్యలో "ఒసే, నడుం నిటారుగా పెట్టి కూర్చో" అని వచ్చింది. ఎప్పుడో సరదాకి పెట్టి మర్చిపోయి ఉంటుంది. చిన్న టైపమ్మ గబుక్కున నడుం నిటారుగా పెట్టింది. తర్వాత బయటికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చింది. బల్ల మీద కూర్చున్న రైతు, "ఏమైందమ్మా, తప్పు పడిందా?" అన్నాడు.

అలాంటి కంప్యూటర్ ఈ రోజు ఆరిపోయి ఉంది. మీట నొక్కితే వెలిగింది గాని, గడియారం పదిహేనేళ్ళు వెనక్కి పోయింది. లోపల టిక్కుటిక్కుమని ఏదో గీరుతున్న చప్పుడు. మెకానిక్‌కి ఫోన్ చేసింది.

మెకానిక్ యాభై దాటిన మనిషి. పని చేసినంతసేపూ నోరు మూతపడదు. సీపీయూ మూత విప్పి టార్చి వేసి చూశాడు.

"ఇదిగో, ఈ బిళ్ళ బ్యాటరీ అయిపోయిందమ్మా. చేతిగడియారంలో ఉంటుందే, అలాంటిది. అది పోతే దీనికి తేదీ గుర్తుండదు, టైమింగు గుర్తుండదు. మీరు పొద్దున ఎనిమిదిన్నరకి దానంతటదే ఆన్ అయ్యేట్టు పెట్టుకున్నారు కదా, అది కూడా పోయుంటుంది."

చిన్న టైపమ్మ చేతిలోని కాగితాలు మేజా మీద పెట్టి దగ్గరికి వచ్చింది.

"నేను పెట్టలేదు, అన్నా."

"అయితే మీ అక్కగారే పెట్టుంటారు. నేనే చూపించాను ఆమెకి, ఇప్పుడు గుర్తొస్తోంది. ఇది ముసల్ది, వేడెక్కడానికే పావుగంట పడుతుంది, మా చెల్లి వచ్చేసరికి రెడీగా ఉండాలి అన్నారు."

"'మా చెల్లి వచ్చేసరికి' అందా?"

"అవునమ్మా. ఇక నుంచి గది మా చెల్లే తెరుస్తుంది అన్నారు."

ఆ మాట చిన్న టైపమ్మకి పొసగలేదు. అక్క బతికుండగా ఆమె ఎప్పుడూ ముందొచ్చి గది తెరవలేదు. మరి "ఇక నుంచి" ఏమిటి? మెకానిక్ ఏదో పొరపాటు పడుతున్నాడు అనుకుంది. అతను తన ధోరణిలో తాను చెప్పుకుపోతున్నాడు.

"మూడు దారులున్నాయమ్మా. బ్యాటరీ మార్చి, తుడిచి, ఉన్నదాన్నే లాగించడం ఒకటి. డిస్కు, మెమొరీ కొత్తవి వేసి డబ్బా ఇదే ఉంచడం రెండోది. కానీ ఈ బోర్డు మీద చూశారా, ఈ చిన్న గొట్టాలు పైన ఉబ్బిపోయాయి. ఇది కొత్త డిస్కుని మోయలేదు. మొత్తం తీసేసి కొత్తది పెట్టడం మూడోది. నన్నడిగితే మూడోదే."

"కొత్తదానిలో అక్క పెట్టిన మాటలు వస్తాయా?"

"రావు. ఆ పాత టైపు ప్రోగ్రాము కొత్తవాటిలో నడవదు. అక్షరాలు కూడా వేరే పద్ధతి."

"అయితే బ్యాటరీ వెయ్యండి చాలు."

"వేస్తాను గాని, ఆ గీరుడు వినిపిస్తోందా? డిస్కు అరిగిపోయింది. నెలా, రెండు నెలలా, నేను చెప్పలేను." బ్యాటరీ వేసి తేదీ సరిచేశాడు. "ఎనిమిదిన్నరది మళ్ళీ పెట్టమంటారా?"

"వద్దు," అంది. అతను మూత బిగించడానికి స్క్రూ తీసుకునేసరికి, "సరే, పెట్టండి," అంది.

మర్నాడు తలుపు తీస్తే కంప్యూటర్ వెలిగి ఉంది. ఆమెకి ఏడుపొచ్చింది. ఎవరో అక్క చీర కట్టుకుని అక్కలా నడిచి చూపిస్తున్నట్టుంది. "వచ్చానే" అనబోయి నోరు మూసుకుంది.

పద్దెనిమిది రోజులు నడిచింది. పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం, ముప్పై పేజీల పంపకం దస్తావేజు సగంలో ఉండగా తెర గడ్డకట్టినట్టు నిలిచిపోయింది. లోపల గీరుడు పెద్దదై, ఆగి, మళ్ళీ మొదలైంది. మెకానిక్ పరుగున వచ్చాడు. ఒక గంట తంటాలు పడి లేవదీశాడు.

"ఇంకోసారి లేపడం నా వల్ల కాదు. మీకు కావాల్సినవి ఇప్పుడే తీసేసుకోండి."

"నాకు కావాల్సింది ఆ మాటల జాబితా. కాగితం మీదికి వస్తుందా?"

అది వచ్చింది. ప్రింటర్ అలా కక్కుతూనే ఉంది. నలభై ఒక్క పేజీలు. వెయ్యీ నూట పన్నెండు మాటలు. ఎడమపక్క రెండు మూడు అక్షరాలు, కుడిపక్క అక్క రాసుకున్న వాక్యాలు. చిన్న టైపమ్మ గది తలుపు దగ్గరగా వేసి, బల్ల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని మొదటి నుంచి చదవసాగింది. సరిహద్దుల వివరాలు, సాక్షుల మాటలు, పై అధికారులకి విన్నపాలు. మధ్యమధ్య సరదా మాటలు. "టీ చల్లారిపోతోంది." "ఈయన పేరు మూడుసార్లు మార్చాడు, నాలుగోసారి వస్తే నేను లేనని చెప్పు." నవ్వుతూ చదువుతోంది.

ఇరవై ఏడో పేజీలో, ఎడమపక్క "ఆసు" అని ఉంది. కుడిపక్క వాక్యం ఇది: "డాక్టరు గారికి, మీరు చెప్పిన తర్వాతి విడత చికిత్సకి నేను రాలేకపోతున్నాను, ఇంకో తేదీ ఇవ్వగలరు. దయచేసి ఇంటికి గాని, గదికి గాని ఫోన్ చేయవద్దు."

ఆమె రెండుసార్లు చదివింది. కుదించి పెట్టుకుందంటే ఆ ఉత్తరం ఒక్కసారి రాసింది కాదు. మళ్ళీమళ్ళీ రాయాల్సి వచ్చింది. పక్కన అది చేర్చిన తేదీ కూడా పడింది. అక్క మంచం పట్టడానికి పదకొండు నెలల ముందు.

ఆ పదకొండు నెలలూ ఆమె కళ్ళముందు తిరిగాయి. అక్క ఉన్నట్టుండి కష్టమైన దస్తావేజులన్నీ చెల్లెలి నెత్తిన వేయడం మొదలుపెట్టిన రోజులవి. ఒక్క కామా తప్పు పోయినా కాగితం చింపేసేది. మూడోసారి చింపిన రోజున చిన్న టైపమ్మ కుర్చీ వెనక్కి తోసి లేచి, నలుగురి ముందూ అనేసింది: "నువ్వు లేకపోతేనే నేను హాయిగా ఉంటాను." అక్క చిరిగిన ముక్కలు ఏరి చెత్తబుట్టలో వేసి, "మళ్ళీ కొట్టు," అంది. తర్వాత ఇరవై రోజులు అక్కచెల్లెళ్ళ మధ్య పని మాట తప్ప మాట లేదు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా, అక్కకి జబ్బు సంగతి అప్పటికి తెలియదులే, ఆ మాట అంత గుచ్చుకుని ఉండదులే అని తనకి తాను సర్దిచెప్పుకునేది. రెండేళ్ళు ఆ ఒక్క ఆధారం మీదే నిద్రపోయింది.

ఆ సాయంత్రమే, అక్క పోయాక ఒంటరిగా ఉంటున్న బావ ఇంటికి వెళ్ళింది. బావ వంటగదిలో గిన్నెలు తోముతున్నాడు. తడిచేతులతోనే కాగితం తీసుకున్నాడు. చదివాక గిన్నెల మీద నీళ్ళు అలా కారుతూనే ఉన్నాయి. ఆమే కుళాయి కట్టేసింది.

"నీకు తెలుసా బావా?"

"తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నా మీద ఒట్టే అంది. నీకు తెలిస్తే నువ్వు పని మానేసి దాని పక్కన కూర్చుని ఏడుస్తావంట. ఏడవడానికి తర్వాత బోలెడు టైముంది, దస్తావేజు నేర్చుకోవడానికి లేదు అంది."

"చికిత్సకి ఎందుకు వెళ్ళలేదు?"

"రెండుసార్లు వెళ్ళింది. ఒక్కసారి వెళ్ళొస్తే వారం రోజులు వేళ్ళు తిమ్మిరెక్కి ఉండేవి, టైపు కొట్టలేకపోయేది. అప్పుడు నువ్వు అడిగావు, ఎందుకే తప్పులు కొడుతున్నావని. ఆ మాటకి భయపడిపోయింది. అందుకని వాయిదా వేస్తూ వచ్చింది. నేను కాళ్ళు పట్టుకున్నాను. ఒకరోజు గట్టిగా అరిచాను కూడా. వినలేదు."

చిన్న టైపమ్మకి తను ఆ మాట అడిగిన సంగతే గుర్తులేదు. అన్నది గుర్తుంది, అడిగింది లేదు. ఏది ఎక్కువ బాధో ఆమెకి తెలియలేదు.

"నేను ఒక మాటన్నాను బావా. నువ్వు లేకపోతేనే..."

"చెప్పింది."

"ఏమంది?"

బావ చాలాసేపు తువాలుతో చేతులు తుడుచుకున్నాడు. "ఆ రోజు అన్నం తినలేదు," అన్నాడు. ఓదార్పుగా ఇంకో ముక్క కలపొచ్చు. కలపలేదు. ఆయన అబద్ధం ఆడడం చేతకాని మనిషి. ఆ రాత్రి ఆమె దారిపొడుగునా ఆ నాలుగు మాటలే మోసుకుంటూ ఇంటికి చేరింది.

మర్నాడు మెకానిక్‌ని పిలిచి కొత్త కంప్యూటర్ పెట్టమంది. పాతదాన్ని ఏం చేయమంటారని అడిగితే, "తీసుకెళ్ళండి," అంది. అతను దాన్ని చంకన పెట్టుకుని మెట్లు దాటుతుంటే తీగలు వెనక నేల మీద ఈడ్చుకుంటూ వెళ్ళాయి. ఆమె వెళ్ళి వాటిని పైకెత్తి, చుట్టచుట్టి అతని భుజం మీద వేసింది.

ఆ వెయ్యీ నూట పన్నెండు మాటల్నీ కొత్తదానిలోకి తన చేత్తోనే ఎక్కించింది. గిరాకీ లేని వేళల్లో రోజుకి ముప్పై, నలభై. పనికిరావని తెలిసినవి కూడా వదల్లేదు. ఎక్కిస్తుంటే ఒక్కోసారి అక్క పక్కన కూర్చుని చెప్తున్నట్టే ఉండేది, అది కూడా మంచి మూడ్‌లో కాదు, ఆ చివరి ఏడాది గొంతుతో. "కామా ఏది? కళ్ళెక్కడ పెట్టావ్?" వెనక్కి చూసేది. దర్జీ మిషను చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. "ఆసు" వచ్చిన రోజున ఏం చేయాలో తోచలేదు. ఎక్కించింది. తీసేసింది. బయట నాలుగడుగులు తిరిగొచ్చి మళ్ళీ ఎక్కించింది. ఉండనీ అనుకుంది.

ఆరు వారాలు పట్టింది. పని వేగం పెరిగింది. కొత్త యంత్రానికి చప్పుడే లేదు, అదొక్కటే ఆమెకి నచ్చలేదు. బావ అప్పుడప్పుడు వచ్చి బల్ల మీద కూర్చుని పేపరు చదివి వెళ్తున్నాడు. అక్క సంగతి ఇద్దరూ ఎత్తరు. ఒకరోజు మాత్రం ఆయన వెళ్తూ వెళ్తూ, "మర్నాడు తింది," అన్నాడు. ఏమిటని ఆమె అడగలేదు. తల ఊపింది.

మొన్న ఒక ముసలాయన వీలునామా రాయించుకోవడానికి వచ్చాడు. బస్సు టైమైపోతోందని ఒకటే హడావుడి. ఆమె తెర మీంచి కళ్ళు తిప్పకుండా అంది:

"తొందరపెడితే తప్పు పడేది మీ పేరులోనే తాతగారూ."

ముసలాయన చప్పున ఊరుకున్నాడు. కాసేపటికి, "మీ అక్కగారు కూడా అచ్చం ఇదే మాట అనేదమ్మా. ఇదే గొంతు," అన్నాడు.

చిన్న టైపమ్మ వేళ్ళు ఆగిపోయాయి. అక్క నోట ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదు. నలభై ఒక్క పేజీల్లోనూ అది లేదు.

"ఎప్పుడండీ?"

"ఏమో, చాలా ఏళ్ళయింది. నువ్వింకా రాలేదనుకుంటా. ఆమె ఒక్కత్తే ఉండేది."

ఆమె మీటల మీంచి చేతులు తీసింది. తర్వాత ముసలాయన వైపు కుర్చీ తిప్పింది.

"ఇంకా ఏమేం అనేది? చెప్పండి తాతగారూ. తర్వాత బస్సుకి వెళ్దురుగాని."