పక్కలకి కూడా పడే వెలుతురు

ఆ రోజుల్లో అంటే గుర్రబ్బళ్ల రోజులేమీ కావు. ఫోన్‌లో ఛార్జింగ్ సాయంత్రం దాకా నిలవని రోజులు, అంతే. డిగ్రీ అయిపోయి, పోటీ పరీక్షలకి చదువుతున్నానని ఇంట్లోవాళ్లని నమ్మిస్తూ, వాళ్లు నమ్మారని నేను నమ్ముతూ, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ అరుగు మీద కూర్చుని ఫోన్ నొక్కుకుంటూ ఉండేవాణ్ణి. ఉద్యోగం లేకపోయినా కోపానికి లోటు లేదు. నెట్ ఆగితే కోపం. ఆగకపోతే అందులో ఎవడో ఏదో రాశాడని కోపం. కరెంటు పోతే కోపం, వస్తే ఇంతసేపూ ఎందుకు పోయిందని కోపం. మా పక్క క్వార్టర్ మావయ్య (రైలు బండి నడుపుతాడు, మామూలుగా మాట్లాడినా కాలనీ చివరికి వినిపిస్తుంది కాబట్టి మేమంతా హారన్ మావయ్య అంటాం) నన్ను చూసినప్పుడల్లా, "ఏటల్లుడూ, ఇయ్యాల ఎవుడి మీద?" అని అడిగేవాడు. వెంటనే ఆయన మీద.

మా నాన్న గూడ్సు బండి గార్డు. ఆ ఉద్యోగానికి ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అని గొప్ప పేరు పెట్టారు గానీ మా అమ్మకి మాత్రం ఆయన గార్డుగారే. బొగ్గు బండి తోకన ఉండే డబ్బాలో ఒక్కడే కూర్చుని వెళ్లాలి. బండి ఎక్కడైనా మొరాయించి ఆగితే దిగి, రెండు లైన్ల మధ్య కంకర మీద నడుచుకుంటూ ఏం తెగిందో చూసుకోవాలి. అలాంటాయన ఒక రోజు నా పక్కన కూర్చుని, ఎప్పుడూ లేనిది, గొంతు తగ్గించి అన్నాడు.

"ఒరే, ఎలాగూ ఆ ఫోన్‌లోనే బతుకుతన్నావు కదా. నాకో చిన్న బ్యాటరీలైటు సూసి పెట్టు. సొక్కా జేబులో పడాల. పిడికిలి మూత్తే కనబడకూడదు. ఎలుతురు ఎడల్పుగా పడాల."

"డ్యూటీకి మూడు రంగుల లైటు ఇచ్చారు కదా?"

"అది డ్యూటీకి. ఇది నాకు."

నాకు కావలసింది అలాంటి అవకాశమే. ఆ టార్చిలైటు కోసం నేను చదివినంత పరీక్షకి చదివి ఉంటే ఈపాటికి ఏదో ఒక ఊరికి స్టేషన్ మాస్టర్ని అయ్యుండేవాణ్ణి. లోహం ఏదో, ల్యూమెన్లు ఎన్నో, వానలో తడిస్తే ఏమవుతుందో, లారీ తొక్కితే ఏమవుతుందో (మా నాన్న లైటుని లారీ ఎందుకు తొక్కుతుందని నాకు తోచలేదు) చూపించే వీడియోలన్నీ చూశాను. మొదట తెప్పించింది పెన్నులా ఉండేది. జేబులో చక్కగా పడింది. నాన్న వెలిగించి, "ఇది ఎలుతురేటిరా, దారప్పోగు" అన్నాడు. ఆ మాట నాకు తగలవలసిన చోట తగిలింది. రెండోసారి అర కిలోమీటరు దూరం కొడుతుందని డబ్బా మీద రాసి ఉన్నది తెప్పించాను. వెనక వరండాలోంచి వెలిగిస్తే కాలనీ చివర వాటర్ ట్యాంకు మీద ఎవరి ప్రేమ కోసమో ఎవరో రాసుకున్న పేర్లు కూడా కనిపించాయి. గెలిచినట్టు నాన్న వైపు చూశాను.

"ట్యాంకుతో నాకేటి పని?" అన్నాడు నాన్న. "దూరం ఎవుడికి కావాల? ఇదిగో, ఈ పక్క ఏదీ? ఆ పక్క ఏదీ? పక్కలకి పడాల అని సెప్పేనా లేదా?"

మూడోది పక్కలకి పడేదే. బొటనవేలంత పొడవు, వేడెక్కినా పాడవదని హామీ. అది పాడవలేదు కూడా. వినాయక చవితి పందిట్లో నాన్న పంచె కట్టుకుని, దాన్ని లోపలి లాగు జేబులో వేసుకుని హారతికి కూర్చున్నాడు. ఎక్కడ ఒత్తుకుందో, తనంతట తానే వెలిగింది. ముందు పంచె ఆకాశదీపంలా వెలిగింది. హారన్ మావయ్య మంత్రాలకి మించిన గొంతుతో, "ఏటి బావా, తొడలో దీపం ఎట్టేసేవు?" అన్నాడు. నాన్న కిందికి చూసుకునేలోపే అది కాలింది. ఆయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఎగిరి, రెండు చేతులూ గాల్లో ఊపుతూ గిరగిరా తిరిగాడు. "ఓలమ్మా, గార్డుగోరికి పూనకం వచ్చీసింది!" అని ఒక పెద్దావిడ చెంబుడు పసుపు నీళ్లు గుమ్మరించింది. ఇంకొకామె తన కూతురికి సంబంధం ఎప్పుడు కుదురుతుందో చెప్పమని కాళ్ల మీద పడింది. తొడ మీద బొబ్బ మానేదాకా నాన్న వంగి నడిచాడు. నేను దాన్ని అమ్మినవాడితో ఫోన్‌లో యుద్ధం చేశాను. మీరు అమ్మేది లైటా, కుంపటా అని రాశాను. వాడు క్షమించమని రాస్తే, క్షమించనని మళ్లీ రాశాను.

ఆ హడావుడిలోనే నాన్నకి మెడికల్ దగ్గర పడింది. బండి మీద పనిచేసేవాళ్లకి కొన్నేళ్లకోసారి రైల్వే హాస్పిటల్లో కళ్లూ చెవులూ పరీక్ష చేస్తారు. అందులో పోతే బండి పోయినట్టే. ఆఫీసులో ఏదో ఒక కుర్చీలో కూర్చోబెడతారు. అందుకని కాలనీలో ఎవరికి మెడికల్ ఉందో అడగక్కర్లేదు, ఏ వంటింట్లోంచి క్యారెట్ తురుముతున్న చప్పుడు వస్తే వాళ్లకే. క్యారెట్ తింటే చూపు పెరుగుతుందని మా వాళ్ల నమ్మకం. అయితే మా అమ్మ ఆ ఏడు కాస్త శ్రుతి మించింది. క్యారెట్ కూర, క్యారెట్ పచ్చడి, క్యారెట్ పులుసు. ఒకరోజు క్యారెట్ వేసి చారు పెట్టింది. "అమ్మా, నా చెవులు పొడుగవుతున్నాయి, కుందేలుని అయిపోతున్నాను" అని అరిచాను. "అరిసేది కుందేలు కాదు, నోరుమూసుకుని తిను" అంది. ఆ మధ్య ఆవిడకి ఇంకో పిచ్చి కూడా పట్టుకుంది. ఇంట్లో కుర్చీ, స్టూలు, నీళ్ల బిందె ఎక్కడివక్కడే ఉండాలి. నేను ఫ్యాను కిందికి కుర్చీ లాక్కుంటే చాలు, "ఎక్కడిది అక్కడెట్టకపోతే సేతులిరగ్గొడతాను" అనేది. వయసు మీద పడుతోంది పాపం అనుకున్నాను. అమ్మకి.

ఫోన్‌లో దొరికేవన్నీ దొంగ సరుకని తీర్మానించి, ఒక మధ్యాహ్నం నాన్నని సదర్ బజార్ తీసుకెళ్లాను. పాత ఎలక్ట్రిక్ సామాన్ల కొట్టు. కొట్టు సేఠ్ ముసలాయన, తొందర లేని మనిషి. నాన్న ఒక్కొక్క లైటూ చేతిలో పట్టి, బొటనవేలు బటన్ మీద దానంతట అది పడుతోందా, అంచులు గుచ్చుకుంటున్నాయా, చెమట చేతిలో జారుతోందా అని చూశాడు. ఆఖరికి ఒకటి తీశాడు. పొట్టిది, మొనలు గుండ్రం, పట్టుకునే చోట గరుకు. బటన్ గట్టిది, జేబులో దానంతట అది ఒత్తుకోదు. పిడికిలి మూస్తే మాయమైపోయింది. చాలా రోజుల తర్వాత ఆయన ముఖం విప్పారింది. "ఇదిగోరా. సేతికి సుఖంగా ఉన్నాది." వెలుతురు చూసుకోమని సేఠ్ వెనకాల గోడౌను తలుపు తీశాడు. కిటికీ లేని గది. నాన్న బటన్ నొక్కగానే ఆ గదంతా పెళ్లిపందిరి అయిపోయింది. అటు చివర నుంచి ఇటు చివర దాకా, పైన బూజుతో సహా కనిపిస్తోంది. నాన్న లైటు ముందుకి పట్టుకుని నడిచాడు. ఎడం పక్క గోడకి ఆనించి మనిషెత్తు పేర్చిన ఇనప బకెట్లున్నాయి. వాటి మీద అంటించిన చీటీలు కూడా నేను గుమ్మంలోంచి చదవగలిగాను. నాన్న తిన్నగా వెళ్లి వాటిని గుద్దుకున్నాడు.

సదర్ బజార్ మొత్తం ఉలిక్కిపడేంత చప్పుడు. నాకు కోపం రావడానికి అంత చప్పుడు అక్కర్లేదు. దారిలో బకెట్లు పెట్టుకుని వ్యాపారం చేస్తారా, మనుషులు నడవాలా వద్దా అని హిందీలో సేఠ్ మీద విరుచుకుపడ్డాను. ఆయన అరవలేదు. "రాస్తే మే కహా హై బేటా? దీవార్ సే లగీ హై" అన్నాడు. దారిలో ఎక్కడున్నాయి బాబూ, గోడకేగా ఆనించి ఉన్నాయి, అని. ఇంకో మాట అందామని నాన్న వైపు తిరిగాను. ఆయన లైటు పట్టుకునే, వంగి బకెట్లు ఏరుతున్నాడు. ఒక బకెట్ ఆయన ఎడం పాదానికి ఆనుకునే ఉంది. దాని కోసం ఆయన ఎదురుగోడ పొడుగునా వెతుకుతున్నాడు.

నేను వంగి ఆ బకెట్ తీసి ఆయన చేతికిచ్చాను. బయటికొచ్చి మా స్కూటర్ దగ్గర నిలబడ్డాం.

"ఎన్నాళ్ల నించి?" అన్నాను.

"ఏటి ఎన్నాళ్ల నించి?"

"నాన్నా."

ఆయన స్కూటర్ అద్దం తుడవడం మొదలుపెట్టాడు. "నీ డిగ్రీ ఆఖరి సంవత్సరం నించి అనుకుంటాను. ముందు ఎడం పక్క పోనాది. ఇప్పుడు రెండూ."

"అమ్మకి తెలుసా?"

"ఊరికే తురుముతాందేటి క్యారెట్లు?" అని నవ్వబోయాడు. నేను నవ్వలేదు. "ఎదర బాగానే కనబడతాది రా. సిగ్నల్ కనబడతాది. హాస్పిటల్లో సార్టు ఆఖరి వరస దాకా సదివేత్తాను. పక్కలే నేవు. ఇలాటి లైటుంటే అటూ ఇటూ తిప్పుకుంటూ ఎల్లిపోవచ్చు."

"పక్కలే లేవా? నువ్వు నడిచేది రెండు లైన్ల మధ్య! బండి వచ్చేదే పక్కనించి!"

"అరవకు. అందరూ సూత్తన్నారు."

"చూడనీ! వాళ్లకైనా కనబడుతోంది కదా!"

 ఆయన తిరిగి కొట్లోకి వెళ్లి, బేరమాడకుండా ఆ లైటు కొనుక్కొచ్చాడు.

ఇంట్లో అమ్మ నా మీద మండిపడింది. "ఆయన్ని ఆపీసు కుర్సీలో కూకోబెడితే దిగులుతోనే పోతారు. తెల్సా నీకు?"

"కూర్చోబెట్టకపోతే దిగులు పడే టైము కూడా ఉండదమ్మా."

అమ్మ చేతిలో క్యారెట్ తురుము పీట మీదే ఆగిపోయింది. మెడికల్ దాకా ఆయన డ్యూటీకి బయల్దేరినప్పుడల్లా నేను ఫోన్‌లో ఆ బండి ఎక్కడుందో వెతికేవాణ్ణి. గూడ్సు బండి ఎక్కడుందో మనలాంటి వాళ్లకి ఏ ఫోనూ చెప్పదు. అయినా వెతికేవాణ్ణి.

మెడికల్ రోజు ఆయన వెనకాలే హాస్పిటల్‌కి వెళ్లాను. రావద్దన్నాడు, అయినా వెళ్లాను. బయట బెంచీ మీద కూర్చుని, లోపలికి దూసుకెళ్లి డాక్టరుకి చెప్పవలసిందంతా ఫోన్‌లో హిందీలో టైపు చేసుకున్నాను. మా నాన్న మీకు నిజం చెప్పడం లేదు, ఆయన్ని బండి ఎక్కనివ్వకండి, కావాలంటే నా మీద కేసు పెట్టుకోండి. (కేసు ఎందుకో ఇప్పటికీ తెలియదు. అప్పట్లో నా మాటలన్నీ కేసుతోనే ముగిసేవి.) లోపల నుంచి నాన్న గొంతు, చార్టులో అక్షరాలు ఒక్కొక్కటీ చదువుతూ. వరస తర్వాత వరస. ఒక్క తప్పు లేదు. ఆఖరి వరస కూడా అయిపోయింది. డాక్టరు "శభాష్" అనడం వినిపించింది. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. సంతకం పెడుతున్నాడనుకున్నాను. ఇంకాగలేదు. తలుపు తోసుకుని, అడ్డొచ్చిన నర్సుని తప్పించుకుని, ఫోన్ ముఖం ముందు పెట్టుకుని ఊపిరి తీసుకోకుండా మొత్తం చదివేశాను. కేసుతో సహా.

తలెత్తి చూస్తే గదిలో అందరూ నన్నే చూస్తున్నారు, నాన్న తప్ప. ఆయన కళ్లలో అప్పటికే పరీక్ష కోసం చుక్కలు వేసేశారు. తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని కుర్చీలో ఉన్నాడు. డాక్టరు కళ్లజోడు తీసి, "మీ నాన్నగారు అంతా చెప్పారు" అన్నాడు.

"అయిపోనాది లేరా," అన్నాడు నాన్న కళ్లు తెరవకుండానే. "కూకో. నర్సమ్మకి సారీ సెప్పు."

నీటికాసులు, అంటే గ్లాకోమా. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబడాలంటే రోజూ చుక్కలు వేసుకోవాలి, బండి మాత్రం ఇక లేదు అన్నారు. తిరిగొచ్చేటప్పుడు ఎందుకు చెప్పావని అడిగాను.  కాలనీ గేటు దాకా వచ్చాక అన్నాడు, "ఆయన శభాష్ అన్నాడు రా. శభాష్ అనకపోతే అలాగే దాసీసి ఎల్లిపోదును."

ఇప్పుడాయన బండి సిబ్బంది డ్యూటీకి హాజరు వేయించుకునే లాబీలో కుర్చీ ఉద్యోగం చేస్తున్నాడు. మిగతా గార్డులకి ఫోన్ చేసి డ్యూటీకి పిలిచే పని. మొదట్లో ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకునేవాడు. దూరంగా బండి వెళ్తుంటే చప్పుడుని బట్టే అది ఖాళీదో, బొగ్గుతో ఉన్నదో చెప్పి, మళ్లీ గోడవైపు తిరిగేవాడు. అమ్మ అన్నట్టే అవుతుందేమోనని నాకు భయం వేసేది. ఆ భయంతోనే నేను అరవడం మానేశాను. ఇంట్లో పిల్లిలా తిరిగేవాణ్ణి, సాయంత్రాలు ఆయన నడకకి బయల్దేరితే నోరెత్తకుండా ఎడం పక్కన నడిచేవాణ్ణి. హారన్ మావయ్య కూడా కంగారుపడి, "ఏటల్లుడూ, ఒంట్లో బాగులేదేటి?" అని అడిగాడు.

అలా నడుస్తున్న ఒక సాయంత్రం, మసక పడుతుండగా, నాన్న ఆగిపోయాడు. లైటు అటూ ఇటూ తిప్పి నన్ను వెతికాడు.

"ఏటిరా నువ్వు, దొంగలాగ నడుత్తావు? మునుపు బాగుండేది. ఎవుడి మీదో ఒకడి మీద అరుత్తూ ఉండేవోడివి, ఏ పక్కనున్నావో తెలిసీది. ఇప్పుడు పక్కన ఎవుడూ లేనట్టే ఉంటాది."

చెప్పొద్దూ, ఒకప్పటి నేను, ఆ పాత కోపిష్టి వెధవ, ఫోన్ పట్టుకుని ఊరందరి మీదా ఎగిరిపడేవాడు, వాడంటే నాకు ఇప్పుడు సిగ్గు కన్నా ముద్దే ఎక్కువ. లోకంలో వాడి అవసరం ఒక్క మనిషికైనా ఉందని అప్పుడే తెలిసింది. కానీ అడిగిన వెంటనే ఎవరి మీద అరవాలి? చుట్టూ చూశాను. తగిన మనిషి ఒక్కడూ లేడు. అందుకని తలెత్తి, మా సందు చివర వెలగని వీధిలైటు మీద, దాన్ని పెట్టినవాళ్ల మీద, దానికి కరెంటు ఇవ్వనివాళ్ల మీద కాలనీ అంతా వినేలా విరుచుకుపడ్డాను. ఎక్కడో ఒక కిటికీ తెరుచుకుంది. నాన్న నవ్వుతూ తల తిప్పాడు, సరిగ్గా నేనున్న వైపుకే.