ఏడు సంచుల పద్యం

నాకు నోరు ఎక్కువ. చిన్నప్పుడూ ఎక్కువే, ఇప్పుడూ ఎక్కువే. ఆ నోటితో చేసిన పనుల్లో రెండు మాత్రం అన్నం దగ్గర గుర్తొస్తే ఈ రోజుకీ ముద్ద దిగదు. మొదటిది కువైట్‌లో బడి బస్సు దగ్గర చేశాను. రెండోది అక్కడే, ఇరాక్ సైన్యం వచ్చిపడిన ఏడాది, సాల్మియా పేటలోని మా ఇంటి హాల్లో, అందరి ముందూ చేశాను. రెండింట్లో మొదటిదే నయం.

అర్దియా పేట నుంచి మా బడికి ఒక పిల్ల వచ్చేది. నా ఈడుదే, పన్నెండేళ్లు. వాళ్లదీ మాదీ కడప వైపే. వాళ్ల నాన్న మోటారు షెడ్డులో మెకానిక్, అమ్మ అరబ్బుల ఇంట్లో పనిమనిషి. పనిమనిషిని అక్కడ ఖద్దామా అంటారు. మా నాన్న ఆఫీసు గుమాస్తా. గుమాస్తా కూతురికి ఎంత పొగరు ఉండొచ్చో అంతకు రెండింతలు నాకుండేది. ఆ పిల్ల పుస్తకాల సంచీ మీద అరబ్బీలో ఇంకెవరిదో పేరు కుట్టి ఉండడం కనిపెట్టింది నేనే. యజమానురాలి పిల్లలు వాడి పారేసిన సంచీ అది. "ఖద్దామా కూతురా, యల్లా, పద పద!" అని నేను మొదలుపెట్టాను, మిగతావాళ్లు అందుకున్నారు. ఆ రోజు నుంచి బడి గేటు దగ్గరి నుంచి బస్సు దాకా మా సంచులన్నీ తనే మోసేది. మొత్తం ఏడు. ఎదురు చెప్పి ఉంటే మానేసేదాన్ని అని చాలా ఏళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. మానేసేదాన్ని కాదు.

ఆగస్టు సెలవుల్లో ట్యాంకులు వచ్చాయి. అప్పటికి వాళ్ల నాన్న ఊరికి వెళ్లి ఉన్నాడు. వాళ్లమ్మ పనిచేసే ఇంటివాళ్లు కార్లెక్కి సౌదీ వైపు వెళ్లిపోయారు. ఆడవాళ్లిద్దరూ ఒంటరిగా ఉన్నారని తెలిసి మా నాన్న వెళ్లి మా ఇంటికి తీసుకొచ్చాడు. తలుపు తీసింది నేను. నన్ను చూడగానే ఆ పిల్ల ముఖాన నెత్తురు చుక్క లేదు.

ఆ సాయంత్రమే బట్టలు ఆరేసే చోట నన్ను పట్టుకుంది. "మా యమ్మకు మాత్రం చెప్పాకు. బళ్లో నేను దొరసాని మాదిరి ఉంటానని అనుకుంటాది. ఆ బడి కోసరమే ఇంకొక ఇంట్లో గూడా పనికి పోతాండాది. తెలిస్తే సచ్చిపోతాది" అంది. తన తల మీద నా చెయ్యి పెట్టించి మరీ ఒట్టు వేయించుకుంది. నాకు గుండె తేలికపడింది. నా గుట్టూ దాగుతుంది కదా!

వాళ్లమ్మను నేను అత్తా అని పిలిచేదాన్ని. ఆమె వచ్చాకే మాకు కడుపునిండా తిండి దొరికింది. రొట్టెల దుకాణం దగ్గర మైళ్ల పొడవు వరస. మా నాన్న ఇంగ్లీషు అక్కడ చిల్లిగవ్వకు పనికిరాలేదు. అత్త నల్ల అబాయా కప్పుకుని, వంటింట్లో నేర్చుకున్న అరబ్బీతో సైనికుల్ని "కొడుకా, నాయనా" అని బుజ్జగించి, సంచీ నిండా కుబ్బూస్ రొట్టెలు తెచ్చేది. ఖద్దామా అని వెక్కిరించిన నోటితోనే నేను ఆ రొట్టెలు తిన్నాను.

ఆఫీసు మూతబడ్డాక మా నాన్నకు పొద్దుపోయేది కాదు. మధ్యాహ్నాలు మా ఇద్దరినీ, మేడ మీది పిల్లల్నీ కూర్చోబెట్టి ఇంగ్లీషు పాఠం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు తనకు శతక పద్యాలు ఎలా చెప్పారో అలాగే చెప్పేవాడు. ముందు పద్యం అప్పజెప్పాలి, తర్వాత ప్రతిపదార్థం, ఆ తర్వాత తెలుగులో తాత్పర్యం. "అర్థం తెలీకుండా మింగిన పద్యం అజీర్తి చేస్తుంది" అనేవాడు. కాకపోతే పద్యాలు మేమే కట్టాలి, అదీ నోటితోనే. సోదాకొచ్చిన సైనికులకు రాతలు కనిపిస్తే లేనిపోని ప్రశ్నలని కాగితం ముట్టనిచ్చేవాడు కాదు.

"భయం మీద వద్దు, అది రోజూ ఉండేదే. బళ్లో మిమ్మల్ని ఎవరైనా ఏడిపించారా? దాని మీద కట్టండి" అన్నాడు ఒకరోజు.

మేడ మీది పిల్లలు పెన్సిళ్ల దొంగల మీదా జడలు లాగేవాళ్ల మీదా ఏవో కట్టారు. తర్వాత ఆ పిల్ల లేచి నిలబడింది. కళ్లు గోడ మీద పెట్టి, ఆగి ఆగి, ఇంగ్లీషులో చెప్పింది. దాన్ని తెలుగులో చెబితే ఇంచుమించు ఇలా ఉంటుంది:

నాకు భుజాలు రెండు, దారిలో సంచులు ఏడు.
మా అమ్మ పరుల ఇంటి గొడ్డుచాకిరీ మనిషి, అందుకని నన్ను ఎగతాళితో తొక్కారు.
వాళ్లలో ఒకతి వంకర నవ్వు అందరికంటే పెద్దది,
అది నాతో ఇంటికొచ్చి నా కంచం పక్కన కూర్చుంటుంది.
ఈరోజు ఏం నేర్చుకున్నావని అమ్మ అడుగుతుంది.
మోయడం నేర్చుకున్నానని నేను చెప్పను.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నా భుజం మీదికి పోయింది. మా నాన్నకు ఏమీ తట్టలేదు. "శభాష్! ఊహించి కట్టినా నిజంలా ఉంది" అని మురిసిపోయాడు. వంటింటి గడప మీద ఉల్లిపాయలు తరుగుతున్న అత్త ముఖం వెలిగిపోయింది. "ఏం చెప్పిందో నాకేం తెలుసన్నా! ఆ ఇంగ్లీషు ఇంటాంటేనే కడుపు నిండిపోతాది" అంది. ఆ పిల్ల ధైర్యమంతా అదే. అమ్మకు ఇంగ్లీషు రాదు.

ఆ పద్యాన్ని మా అందరిచేతా నాలుగుసార్లు వల్లె వేయించి, "రేపు దీన్ని నువ్వు అప్పజెప్పి తాత్పర్యం చెప్పు" అని నాన్న నన్ను చూపించాడు.

ఆ రాత్రీ మర్నాడు పొద్దునా నిఘంటువు ముందేసుకుని ఆ పద్యంలోని మాటలు వెతుకుతూ కూర్చున్నాను. టాంట్ అంటే గుచ్చి గుచ్చి ఎగతాళి చేయడం. స్నీర్ అంటే మూతి వంకర తిప్పి నవ్వే తక్కువచూపు నవ్వు. డ్రడ్జ్ అనే మాట అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. వెతికితే, ఇతరుల కోసం విసుగుపుట్టే గొడ్డుచాకిరీ చేసే మనిషి అని ఉంది. అత్తకు మెయిడ్ అన్నా సర్వెంట్ అన్నా తెలిసిపోతుందని ఆ పిల్ల ఈ మాట వెతికి పెట్టుకుందన్నమాట. ఒక్కొక్క అర్థం దొరికేకొద్దీ నిఘంటువు మూసి మళ్లీ తెరిచాను. ఇంత సిగ్గు నాకు తెలుగులో ఎప్పుడూ కలగలేదు.

పాఠానికి ముందు ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "తాత్పర్యం మార్చి చెప్పు. గాడిద కథ అని చెప్పు. అమ్మ ఆడే కూచోనుంటాది" అంది. సరేనన్నాను. నిజంగానే అలాగే చేద్దామనుకున్నాను.

పద్యం పొల్లు పోకుండా అప్పజెప్పాను. ఇంగ్లీషులో "నేను, నా భుజాలు" అంటూ ఆ పిల్ల మాటలు నా నోటితో పలికాను. తర్వాత తాత్పర్యం ఎత్తుకున్నాను. "ఒక గాడిద ఉండేది. చాకలి దాని మీద ఏడు మూటలు వేసేవాడు..."

పిల్లలు కిసుక్కుమన్నారు. నాన్న ముఖం ఎర్రబడింది. "గాడిదను వాళ్లమ్మ బళ్లో ఏం నేర్చుకున్నావని అడుగుతుందా? డ్రడ్జ్ అంటే ఏంటి? తెలీదా? తెలీకపోతే తెలీదని చెప్పు! మేడ మీది చిన్నపిల్ల నీకంటే నయం!"

క్లాసులో ఫస్టు నేను. నాకు తెలీదా? నా ఒట్టు, ఆ పిల్ల ముఖం, గడప మీద అత్త, ఏదీ నాకు గుర్తు రాలేదు. "తెలుసు! అన్నీ తెలుసు!" అని అరిచాను. అరిచి, మాటకు మాట అర్థం చెప్పాను. టాంట్ చెప్పాను, స్నీర్ చెప్పాను. డ్రడ్జ్ అంటే పరుల ఇంట్లో గొడ్డుచాకిరీ చేసే ఖద్దామా అని, నిఘంటువులో లేని ముక్క కూడా కలిపి చెప్పాను. బడి గేటూ, బస్సూ, ఏడు సంచులూ, అన్నీ వరసగా, స్వచ్ఛమైన తెలుగులో. చివర్న, అంతా అయిపోయాక, ఏదో ఘనకార్యం చేసినట్టు, "ఆ నవ్విన పిల్ల నేనే" అన్నాను.

ఉల్లిపాయలు తరిగే చప్పుడు ఆగిపోయింది. అత్త కూతురి వైపు చూడలేదు, నా వైపే చూసింది.

"ఏడు సంచులా, పాపా?"

"ఏడు, అత్తా."

నాన్న చెయ్యెత్తాడు. అత్త లేచొచ్చి అడ్డం పడింది. "కొట్టాకన్నా. పిల్ల పాఠం బాగా చెప్పింది" అని, మళ్లీ వెళ్లి ఉల్లిపాయల దగ్గర కూర్చుంది. ఆ పూట నుంచి ఆమె మాతో కలిసి తినలేదు. మేమంతా తిన్నాక వంటింట్లో నేల మీద తినేది. మా అమ్మ ఎంత బతిమాలినా, "నాకిట్లనే బాగుంటాది వదినా" అనేది. ఆ పిల్ల నాతో ఒకే ఒక్క మాట అంది: "మా యమ్మకు తెలీకూడదనే గదా ఇంగ్లీషులో కట్టినా." ఛీ, నా బతుక్కి!

సెప్టెంబరులో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు బస్సు దొరికింది. వీధి చివర బస్సు ఆగింది. రెండు కుటుంబాలకూ కలిపి తొమ్మిది సంచులు. అత్త ఎవరినీ ముట్టనివ్వలేదు. రెండేసి చొప్పున భుజాన వేసుకుని మోసుకెళ్లి, మళ్లీ వచ్చేది. ఆ పిల్ల "నేను తెస్తా ఉండమ్మా" అని వెనకాలే పరుగెత్తితే కసిరి బస్సెక్కించింది. చివరికి నా సంచీ ఒక్కటే మిగిలింది. అత్త దాని పట్టీ పట్టుకుంది. నేను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, "వద్దత్తా, నేనే మోస్తాను" అని ఏడ్చాను.

"ఇడువు పాపా" అంది. గొంతులో కోపం లేదు. "నాకలవాటే. దానికి అలవాటు కాగూడదనే గదా నేను మోసింది."

బస్సు కిటికీలోంచి ఆ పిల్ల మమ్మల్నిద్దరినీ చూస్తోంది. నేను సంచీ వదిలేశాను.