పొగ పట్టిన గుడ్డు, చప్పిడి కూడు

మావయ్యగారు ఏనాడూ పళ్లెం తోసెయ్యలేదు. "బాగుందమ్మా" అనేవారు. సగం తిని, మిగతా సగాన్ని కలిపినట్టే కలిపి, ఒక పక్కకి జరిపి చెయ్యి కడిగేసుకునేవారు. నాకు అదే కష్టంగా ఉండేది. నాలుగు మాటలు అరిచినా బాగుండుననిపించేది.

చలికాలం మొదట్లో ఆయనకి కాళ్లు వాచి, పడుకుంటే ఊపిరాడక ఆస్పత్రిలో చేర్చాం. గుండె నీరసపడిందనీ, ఉప్పు బాగా తగ్గించకపోతే ఒంట్లో మళ్లీ నీరు చేరుతుందనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆవకాయ బంద్. అప్పడాలు బంద్. ఎండుచేపలు బంద్. కూరలో ఉప్పు పేరుకి మాత్రమే. బలానికి రోజుకో గుడ్డు పెట్టమంది.

మావయ్యగారు వ్యాగన్ షెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి బిలాస్‌పూర్‌లో ఉండిపోయాడట. ఈయన పుట్టింది, పెరిగింది ఇక్కడే అయినా నాలుక మాత్రం ఆ సముద్రం వైపుదే. ఎండు నెత్తళ్లు వేయిస్తే వాసనకే రెండు ముద్దలు ఎక్కువ తినే మనిషి. అలాంటాయన ఉడికించిన గుడ్డుని మాత్ర మింగినట్టు నీళ్లతో మింగేవారు.

నేను బొబ్బిలి నుంచి కోడలిగా వచ్చేనాటికే అత్తగారు లేరు. మా ఆయన లోకో పైలట్. డ్యూటీకి ఏ వేళ పిలుపొస్తుందో తెలీదు. అందుకని క్వార్టర్‌లో ఎక్కువసేపు ఉండేది మావయ్యగారూ నేనూ మాత్రమే. ఆయన చొక్కా భుజాల దగ్గర వదులవుతుంటే రోజూ చూసేదాన్ని నేనే.

ఒక పొద్దున పెరట్లో ఎండకి కూర్చున్న మావయ్యగారు ఉన్నట్టుండి తల పైకెత్తి గాలి పీల్చారు.

"ఏటమ్మా ఆ వాసన?"

పక్క క్వార్టర్ నుంచి వస్తోంది. అక్కడ ఉండే దీదీది కోటా అనే ఊరు. ఆవిడ పప్పుకి పొగ పెడుతోంది. దాన్ని ధుంగార్ అంటారిక్కడ. ఆస్పత్రి నుంచి వచ్చాక మావయ్యగారు తిండి సంగతి తనంతట తాను అడగడం అదే మొదటిసారి. నేను గోడ దగ్గరకి వెళ్లి దీదీని అడిగాను.

"ఏముంది అందులో," అందావిడ హిందీలో. "ఎర్రగా కాలిన బొగ్గు ఒకటి చిన్న గిన్నెలో పెట్టి పప్పు మధ్యలో ఉంచు. బొగ్గు మీద నెయ్యి బొట్టు వెయ్యి. పొగ లేవగానే మూత పెట్టెయ్. బస్."

"గుడ్లకి కూడా పెట్టొచ్చా?"

"పెట్టి చూడు. నేను గుడ్లు తినను, నాకేం తెలుస్తుంది?"

మలుపులో ఇస్త్రీ బండి దగ్గర గుప్పెడు బొగ్గులు అడిగి తెచ్చుకున్నాను. మొదటిసారి అంతా తొందరే. బొగ్గు సగం నల్లగా ఉండగానే గిన్నెలో పెట్టేశాను. ఒలిచిన గుడ్ల తడి తుడవలేదు. మూత పెట్టి బట్టలు ఆరెయ్యడానికి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి వంటిల్లంతా పొగ. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏటిది, ఇల్లు తగలబెట్టేస్తన్నావా?"

గుడ్ల మీద నల్లటి మరకలు. మావయ్యగారు ఒక ముక్క కొరికి, కష్టపడి మింగారు. "అచ్ఛా... కాస్త చేదుగా ఉందమ్మా. నాకోసం ఎందుకింత అవస్థ?" అన్నారు. ఆ మాటకి కళ్లలో నీళ్లు తిరిగాయి. వెళ్లి గిన్నె తోముకుంటూ నిలబడ్డాను.

రెండు రోజులాగి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పెరట్లో పొయ్యి ముందు కూర్చుని, బొగ్గు మీద తెల్లటి బూడిద కట్టి లోపల ఎర్రగా అయ్యేదాకా కదల్లేదు. గుడ్లు గుడ్డతో తుడిచి, చాకుతో గాట్లు పెట్టి గిన్నెలో పేర్చాను. మధ్యలో స్టీలు గిన్నెలో బొగ్గు, దాని మీద నెయ్యి బొట్టు. చుయ్‌మంది. మూత పెట్టి అక్కడే కూర్చున్నాను. తీసి చూస్తే తెల్లసొన లేత తేనె రంగుకి తిరిగి ఉంది. మిరియాల పొడి చల్లి, నిమ్మకాయ పిండి, ఉల్లిపాయ సన్నగా తరిగి పక్కన పెట్టాను.

మావయ్యగారు ముక్క నోట్లో పెట్టుకున్నారు. నమలడం ఆపి నా వైపు చూశారు. మళ్లీ నమిలారు. ఆ పూట పళ్లెంలో మెతుకు మిగల్లేదు.

"రేపు కూడా చేస్తావేటి?" అన్నారు మెల్లగా.

అలా రోజూ చేస్తూ వచ్చాను. ఆయన మొహంలో కళ వచ్చింది. గోల్ బజార్ దాకా నాతో నడిచి వచ్చి నిమ్మకాయలు తనే ఏరేవారు. అంతా బాగానే ఉంది గాని ఒక్కటే నాకు అర్థం కాలేదు. నేను గుడ్డు వడ్డించినప్పుడు మా ఆయన వస్తే పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టేవారు. రాయ్‌పూర్ నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసి ఏం తిన్నావని అడిగితే, "చప్పిడి కూడే. ఇంకేటుంటాది?" అనేవారు. నేను పక్కనే ఉండేదాన్ని. ఇంత చేసి పెడుతుంటే కూతురితో ఒక్క మంచి మాట చెప్పరేమని మనసు చివుక్కుమనేది. అడగలేదు.

మళ్లీ చూపించుకోవడానికి ఆస్పత్రికి నేనే తీసుకెళ్లాను. డాక్టరమ్మ కాళ్లు నొక్కి చూసి, బరువు చూసి, "తిండి ఎలా ఉంది?" అని అడిగింది. మావయ్యగారు నా వైపు తిరిగారు.

"నువ్వు కాసేపు బయట కూకో అమ్మా."

"ఆవిడ ఉండాలండీ, మందులు చెప్పాలి" అంది డాక్టరమ్మ.

ఆయన కాసేపు చేతులు నలుపుకున్నారు. తర్వాత హిందీలో, తల దించుకుని చెప్పారు. "డాక్టర్ సాబ్, తప్పు నాది. నేను ఉప్పు తింటున్నాను. రోజూ. కోడలు వద్దంటున్నా నేనే బలవంతంగా వేయించుకుంటున్నాను. ఆ పిల్లని ఏమీ అనకండి."

డాక్టరమ్మ నా వైపు చూసింది.

"ఉప్పేంటి మావయ్యా? నేనెప్పుడు వేశాను?"

"గుడ్డు మీద వేస్తన్నావు కదమ్మా. నాకు తెలీదేటి? అంత రుచి ఎక్కణ్ణించి వస్తాది?"

అప్పుడు చెప్పాను, బొగ్గు సంగతి, నెయ్యి సంగతి, గుడ్డు మీద ఉప్పు రవ్వ కూడా వెయ్యని సంగతి. డాక్టరమ్మ ఇంకోసారి కాళ్లు చూసి, "వాపు తగ్గిందండీ. ఉప్పు తింటే ఇలా తగ్గదు" అని నవ్వింది. పొగ పెట్టింది మాత్రం రోజూ వద్దనీ, వారానికి ఒకటి రెండుసార్లు చాలనీ, మిగతా రోజుల్లో నిమ్మకాయ, మిరియాలతో సరిపెట్టుకోమనీ చెప్పింది.

ఆటోలో నేనే అడిగాను.

"ఉప్పు వేస్తున్నానని అనుకుంటే ఎందుకు తిన్నారు మావయ్యా? ప్రాణం మీదికి వచ్చేది కదా?"

"జాలిపడి వేస్తన్నావనుకున్నాను. నువ్వు పొయ్యి ముందు కూకుని అంత కష్టపడి చేస్తంటే వద్దని ఎలగనను?" అని రోడ్డు వైపు తిరిగి, "రుచిగా కూడా ఉంది మరి" అన్నారు.

నాకు నవ్వాగలేదు. ఆయనా నవ్వేశారు. నవ్వుతూనే నాకు సంగతి అర్థమైంది. ఇన్నాళ్లూ కొడుకు ముందు చెయ్యి అడ్డం పెట్టింది, కూతురితో అబద్ధం చెప్పింది నన్ను ఎవరూ ఏమీ అనకూడదనే. నేనేమో మనసు కష్టపెట్టుకున్నాను.

ఆ ఆదివారం ఆయనే పెరట్లో పీట వేసుకుని కూర్చున్నారు. తన చేత్తో చేసి చూడాలన్నారు. బొగ్గుని పట్టకారుతో తిప్పడం, మూత అంచు చుట్టూ తడిగుడ్డ బిగించడం చూస్తే ఆయన షెడ్‌లో పని ఎంత శ్రద్ధగా చేసేవారో తెలిసింది. నాకంటే బాగా కుదిరింది. అప్పట్నుంచి ఆదివారం గుడ్లు ఆయన పనే.

ఈమధ్య మా ఆడపడుచు వచ్చినప్పుడు ఆమెకి ముందు వడ్డించి, తినేదాకా ఎదురుగా కూర్చున్నారు. ఆమె రెండు గుడ్లు తినేసి, "ఎలగ చేసేవో చెప్పు నాన్నా, నేనూ చేసుకుంటాను" అంది.

"మీ ఫ్లాట్‌లో బొగ్గులెక్కడ కాలుస్తావు? పక్కవాళ్లు పోలీసుల్ని పిలుస్తారు," అన్నారాయన. "తినాలనిపిస్తే రైలెక్కి వచ్చీ."

ఆమె నిజంగానే వస్తోంది, నెలలో రెండు ఆదివారాలు.