కంటి చోట మీసం

అమలాపురంలో పీజీ విద్యార్థులకు జీవితాంతం జంతుశాస్త్రం బోధించిన మా గురువర్యులు రూతమ్మ మేడం గారు మొన్న తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించారు. ఆసుపత్రి నుంచి ఫోను రాగానే నిశ్చేష్టుణ్నయ్యాను. వ్యాధి తీవ్రత తెలిసినా మనసు సిద్ధపడలేదు. అయినా ఈ దుఃఖం అడుగున నాకొక ఊరట ఉంది. అదెందుకో చెప్పాలి.

మేడం గారి బల్ల మీద ఒక గాజు సీసా ఉండేది. చెరువులో ఒక కన్ను తెగిపోతే, ఆ చోట మీసం మొలిచిన రొయ్య అందులో ఉండేది. పిండం ఎదిగే తీరులో వచ్చే మార్పులు తరతరాలుగా కొత్త రూపాలకు ఎలా దారితీస్తాయో చెప్పే పరిణామ వికాస శాస్త్రం ఆమె ప్రాణం. మొదటి క్లాసులోనే వైవా ప్రశ్నలు చెప్పేసేవారు.

"కంటి చోట మీసం ఎలా వచ్చింది? దీని పిల్లలకి ఆ చోట ఏముంటుంది? ఈ రెండే అడుగుతానమ్మా. దాచుకోడానికేముంది?"

ప్రశ్నలు తెలిసినా గట్టెక్కినవారు తక్కువే. "చూపు పోయింది కదండీ, తడుముకోడానికి అవసరమై మొలిచిందండి" అన్నాడు మా బ్యాచ్‌లో ఒకడు. "అవసరానికి మొలిచేదయితే, వంటకీ పేపర్లు దిద్దడానికీ నాకీపాటికి నాలుగు చేతులుండాలి బాబూ" అన్నారు మేడం. జన్యువుల పేర్లు గడగడా అప్పజెప్పేవారిని కూడా ఓపిగ్గా వినేవారు. కానీ అర్థమై చెప్పిన జవాబుకే మా కోనసీమ మాటలో ఔనన్నట్టు "ఆయ్" అనేవారు. మార్కులకన్నా ఆ ఒక్క మాట కోసమే మేమంతా కాచుక్కూర్చునేవాళ్లం.

ఒక ఆదివారం చర్చి బయట సంఘపెద్ద ఒకాయన నిలదీశారు. "నిన్న రొయ్య, ఇవాళ ఆదికాండం. రెండూ ఎలా కుదురుతాయండి మేడం గారూ?"

"దేవుడు తొందరపడలేదంటానండి. తొందరంతా మనదేనండి" అన్నారామె. ఆయన నవ్వేసి దారిచ్చారు.

ఈ ఏడాది వైవా నాటికి మేడం మంచాన పడ్డారు. ఆమె దగ్గరే చదివి ఇప్పుడు సహోద్యోగినైన నాకు పరీక్ష అప్పగించి, "మార్కులు నువ్వే వేసెయ్ బాబూ. పిల్లలకి అర్థమైందో లేదో అదొక్కటి చెప్పు. అది తెలీకుండా పోవాలని లేదు" అన్నారు.

ఒకరి తర్వాత ఒకరు వచ్చి జన్యువుల పేర్లు వల్లించారు. రెండో ప్రశ్నకు మాత్రం "పిల్లలకీ మీసమేనండి" అన్నారు. మేడం గారికి ఈ మాట ఎలా చెప్పాలా అనుకున్నాను. చివరికి ఐ.పోలవరం నుంచి వచ్చే దీవెన అనే అమ్మాయి వచ్చి కూర్చుంది.

"కంటికైనా మీసానికైనా కావలసిన సరంజామా ఒంట్లో ముందే ఉందండి. ఎక్కడ ఏది ఎదగాలో చెప్పే కబురు ఆ చోట మారిందండి."

"మరి పిల్లలకో?"

"కన్నే ఉంటుందండి. దెబ్బ తగిలింది తల్లి కంటికి కదండీ, గుడ్డులో ఉన్న కబురు మారలేదండి. అది మారితేనే తర్వాతి తరం మారుతుందండి."

అక్కడికక్కడే ఆసుపత్రికి ఫోను చేసి దీవెన చేతికిచ్చాను. మొదటినుంచీ మళ్లీ చెప్పింది. చెప్పడమయ్యాక ఫోను చెవికి ఆనించుకుని అవతలి మాట వింది. తర్వాత కళ్లు తుడుచుకుంటూ నాకు తిరిగిచ్చింది.

"మేడం గారు ఆయ్ అన్నారండి."

ఆ మర్నాడే ఆమె మనల్ని విడిచి వెళ్లారు. అంతటి విదుషీమణి మాకు మళ్లీ లభించడం దుర్లభం. సీసా ఇప్పుడు నా బల్ల మీదుంది. ఆ రెండు ప్రశ్నలూ నేనడగగలను. "ఆయ్" అనడానికి మాత్రం ఇంకా నోరు రావడం లేదు. మేడం గారూ, మీ పాదాలకు నమస్కారం. మీరు తెలుసుకునే వెళ్లారు.