చెట్టు కిందనే అమ్మాలట

మొన్న టీవీలో ఒక హోటలాయన గోడు వెళ్లబోసుకుంటున్నాడు. ఆయన హోటల్లో తయారైన బీరు అక్కడే తాగించాలట, సీసాల్లో నింపి బయట అమ్మకూడదట. నాకు నవ్వొచ్చింది. ఆ బాధలో మేం ఆయనకంటే ఎంతో సీనియర్లం.

మాది గోదావరిఖని పక్కన ఊరు. మా బాపు తాళ్లెక్కి కల్లు గీసేవాడు. ఆయన లైసెన్సు ఆయన గీసే చెట్లకే, కల్లు ఆ చెట్ల కిందనే అమ్మాలి. కల్లు కుండ, అదే లొట్టి, రోడ్డెక్కితే లైసెన్సు పోయినట్టే. మిగిలిన కల్లు పులిసిపోయి పారబోస్తుంటే నాకు కడుపు రగిలేది. బస్టాండు దగ్గర అమ్ముకోనివ్వమని ఆబ్కారీ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. కుదరదనేవాడు అక్కడి సారు. దారి పొడుగునా ఆయన్ని తిట్టుకుంటూ ఇంటికొచ్చేదాన్ని.

అట్లా మా గిరాకీ అంతా చెట్టు దగ్గరికి నడిచొచ్చేవాళ్లే. మొదటి షిఫ్టు దిగి, ఒంటి మీది మసి కడుక్కుని వచ్చే బొగ్గుబాయి కార్మికులు. వాళ్లు కూర్చోవడానికి బాపు పొడుగాటి టేకు బల్ల చేయించాడు.

ఒక వానాకాలం సాయంత్రం బాపు పైన ఉండగా, నడుముకు వేసుకునే మోకు తెగింది. పడ్డ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. పరుగెత్తి ఆయన చంకల్లో చేతులు పెట్టాను, లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగిద్దామని.

"ముట్టకు బిడ్డా. నడుము ఇరిగినట్టున్నది. కదిలిస్తే కాళ్లు పడిపోతయ్," అన్నాడు బల్ల మీది నుంచి లేచి వచ్చిన ఒక పెద్ద వయసు కార్మికుడు, మేం కాక అని పిలిచే ఆయన.

బాయిలో పైకప్పు కూలి మనిషి దెబ్బతింటే ఎట్లా మోయాలో వాళ్లకు నేర్పుతారు. అప్పటికే మిగతావాళ్లు బల్ల ఖాళీ చేసి పట్టుకొచ్చారు. ఒళ్లు వంగకుండా బాపును దాని మీదికి చేర్చి, తువ్వాళ్లతో కట్టి, ట్రాలీ ఆటో ఎక్కించారు. దవాఖాన దాకా కాక బాపు తలను రెండు చేతుల మధ్య కదలకుండా పట్టుకునే ఉన్నాడు. వెన్నుపూస చిట్లింది కానీ నరం తెగలేదని, లేపి కూర్చోబెట్టి ఉంటే ఇక నడిచేవాడు కాదని డాక్టరు చెప్పాడు.

ఇప్పుడు తమ్ముడు గీస్తున్నాడు. బాపు కర్ర పట్టుకుని చెట్ల దాకా నడిచొచ్చి ఆ బల్ల మీదే కూర్చుంటాడు. తాటాకు రేకలో మొదటి కల్లు కాకకే పోయిస్తాడు. ఆ మనుషుల రుణం మేం ఏ జన్మకూ తీర్చుకోలేం.

పోయిన నెల ఏదో పని మీద ఆబ్కారీ ఆఫీసుకు వెళ్లాను. బస్టాండు సంగతి ఇప్పుడు అడగడం లేదేమని ఆ సారే నవ్వుతూ అన్నాడు.

"వద్దు సార్. మాకు చెట్టు కిందనే మంచిగున్నది," అన్నాను.

ఆయన నా మాట విని ఉంటే ఆ సాయంత్రం వాళ్లంతా బస్టాండు దగ్గర తాగుతుండేవాళ్లు. చెట్టు కింద నేనొక్కదాన్నే ఉండేదాన్ని. బాపును లేపి కూర్చోబెట్టేదాన్ని.