మిష్రిఫ్ నిమ్మచెట్టుకు పాటిమన్ను

మొన్న డాక్టరు నా రక్తపరీక్ష కాగితాలు చూసి, మీకు జింకు తక్కువైంది సార్, రోజుకో మాత్ర వేసుకోండి అన్నాడు. ఉద్యోగం చేసిన రోజుల్లో ఏళ్ల తరబడి ఎడారి మట్టికి నేను చెప్పిన మాటే అది. మట్టి ఎప్పుడూ ఎదురు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మందుల షాపు ముందు బెంచీ మీద ఆయాసం తీర్చుకుంటూ కూర్చుంటే మాత్రం మా చిన్నాయన గుర్తొచ్చాడు.

కెమిస్ట్రీలో డిగ్రీ చేసి, దాంతో ఏం చేయాలో కడపలో ఎవరూ చెప్పలేకపోవడం వల్ల నేను కువైట్ వెళ్లాను. అక్కడొక ల్యాబులో మట్టిలో జింకు, రాగి, మాంగనీసు ఎంతెంత ఉన్నాయో చూడటం నా పని. అవి ఉండాల్సింది చిటికెడే గాని, ఆ చిటికెడు లేకపోతే చెట్టు పాలిపోతుంది. అక్కడి ఇసుకలో అది లేదని నా పరీక్షలు నిలకడగా తేల్చేవి, జీతమూ నిలకడగా వచ్చేది. నేను ఖైతాన్‌లో నలుగురితో ఒక గదిలో ఉండేవాణ్ని. నాకంటే ముందే వచ్చిన చిన్నాయన మిష్రిఫ్‌లో ఒక విల్లాలో తోటమాలి.

ఆ తోటలో ఇంటావిడ తల్లి నాటిన నిమ్మచెట్టు ఒకటుండేది. తల్లి అప్పటికే పోయింది, చెట్టూ అదే ఆలోచనలో ఉన్నట్టుండేది. ఈనెలు పచ్చగా, మధ్యంతా పసుపుగా, ఆకులు నానాటికీ చిన్నవైపోతూ. జింకు లోపమని చూడగానే చెప్పి, మందు కలిపి ఆకుల మీద కొట్టాను. ఆ మాటల్లోనే, ఫైలకా దీవిలో వేల ఏళ్ల కిందటి ఊరి దిబ్బ తవ్వినప్పుడు తీసిన మట్టి మా ల్యాబుకు బస్తాల్లో వస్తుందనీ, పరీక్షకు పోను మిగిలింది పారబోస్తామనీ నోరు జారాను.

"అది పాటిమన్నే గదరా అబ్బోడా! పారబోస్తారా? కాలేజీలో ఏం నేర్పినార్రా మీకు?"

మన వైపు పాడుబడ్డ ఊరి దిబ్బల్ని తవ్వి, ఎండాకాలంలో బండ్లకెత్తి చేన్లకు తోలుకునే రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. తరతరాల పొయ్యి బూడిద, ఎముకలు, పేడ, మనుషులు బతికి వదిలేసిందంతా చివికి మన్నైన మన్ను అది. ఫైలకా మట్టిలోనూ జింకు, రాగి చుట్టుపక్కల ఇసుకలో కంటే ఎక్కువే కనబడ్డాయి. పెద్దసారునడిగి కొన్ని బస్తాలు తెచ్చిస్తూ, ఇందులో ఉప్పు కూడా ఎక్కువ, చెట్టు చస్తుందని హెచ్చరించాను. ఒక నెలపాటు నేనే గెలిచాను, ఆకులన్నీ రాలిపోయాయి. ఆ తర్వాత చిగురొచ్చింది. నా మందు వల్లని నేను, పాటిమన్ను వల్లని ఆయన. ఆ కేసు ఎన్నటికీ తేలలేదు.

చెట్టు విరగ్గాసిన ఏడాదే ఇరాక్ సైన్యం వచ్చింది. ఇంటివాళ్లు కారెక్కి సౌదీ వైపు వెళ్లిపోయేటప్పుడు ఇంటావిడ చిన్నాయనకు ఇల్లు అప్పగించలేదు, ఇల్లు మిగలదని ఆవిడకూ తెలుసు. అమ్మ చెట్టు చూసుకో అంది, అంతే. కొన్నాళ్లకే సైనికులొచ్చి టీవీ, ఫ్రిజ్, ఏసీలు, చివరికి బాత్రూం కుళాయిలు కూడా పీక్కుపోయారు. తోట కుళాయి ఒక్కటి వదిలేశారు, చూసుకోలేదనుకుంటాను.

మనవాళ్లను ఇండియా విమానాలకు చేర్చే బస్సులు అమ్మాన్ దారిలో మొదలయ్యాయి. ఖైతాన్ గదులు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. ఆయన్ను వదిలి నేను పోలేను, చిన్నమ్మకు ఏ మొహం చూపించాలి? చెట్టును వదిలి ఆయన రాడు. తుపాకుల మధ్య నుంచి రోజూ మిష్రిఫ్ వెళ్లి బతిమాలి, ఓడి, తిరిగి రావడం నా డ్యూటీ అయిపోయింది.

"యాడికి రా వచ్చేది? ఒక్క పొద్దు నీళ్లు లేకుంటే ఈ ఎండకు ఖలాస్. ఆయమ్మకు మాటిచ్చినా."

"ఇక్కడుంటే మనం చస్తాం చిన్నాయనా."

"చెట్టు గూడా చస్తాదంటివే, చచ్చిందా?"

పక్క విల్లాలో దిగిన సైనికుల్లో మీసం నెరిసిన మనిషి ఒకతనుండేవాడు, తుపాకిని పారలాగా భుజానేసుకుని తిరిగేవాడు. ఒక సాయంత్రం గేటు తోసుకుని లోపలికొచ్చాడు. కాయలు పోయాయనుకున్నాను. అతను తిన్నగా చెట్టు దగ్గర గొంతుకూర్చుని, పాదులోని మన్ను వేళ్లతో నలిపి వాసన చూశాడు. ఇరాక్‌లో బస్రా దగ్గర అతనికి ఖర్జూరం తోట ఉందట. పాత ఊరి దిబ్బ మట్టని చిన్నాయన తనకొచ్చిన కాస్త అరబ్బీలో, మిగతాది చేతులతో చెబితే, మా వైపు పొలాలకంటే దిబ్బలే ఎక్కువని నవ్వాడు.

మర్నాడు నేను వెళ్లేసరికి చిన్నాయన సంచీ సర్దుకుని మెట్ల మీద కూర్చున్నాడు. నీళ్ల పైపు ఆ సైనికుడికి అప్పజెప్పాడట. దేశమంతా దోచుకుపోతున్న సైన్యానికా తోట అప్పగించేది అన్నాను.

"టీవీలెత్తుకపాయింది సైన్యంరా. ఆయప్ప రైతు. యల్లా, పద."

యుద్ధం ముగిశాక ల్యాబు పిలిస్తే నేను తిరిగెళ్లాను. చిన్నాయన మోకాళ్లు ఒప్పుకోలేదు. చమురు బావులు ఇంకా కాలుతున్నాయి, పగలే లైట్లేసుకుని కార్లు నడిపేవాళ్లు. మిష్రిఫ్ ఇంటికి తలుపుల్లేవు. నిమ్మచెట్టు మసిబారి ఉంది, తుడిస్తే కింద ఆకు పచ్చగానే ఉంది. చిన్నాయన పాదు గుండ్రంగా తీసేవాడు; ఇది నలుచదరంగా, ఎత్తైన గట్లతో ఉంది. తిరిగొచ్చిన ఇంటావిడ ఆ గట్టు తడుముతూ, చూశావా, మీ చిన్నాయన పోతూ పోతూ ఎంత బాగా చేశాడో అని ఏడ్చింది. ఆవిడ తమ్ముణ్ని సైనికులు పట్టుకుపోయారు, జాడ లేదు. అవునమ్మా అన్నాను.

ఫోనులో ఈ సంగతంతా చిన్నాయనకు చెప్పాను. "ఆయప్ప గట్లు ఎత్తుగా కట్టినాడా?" అన్నాడు. కట్టాడన్నాను. "అయితే వచ్చే ఎండాకాలానికి గూడా ఉంటాననుకున్యాడు పాపం."

అతని పేరు మాకు తెలియదు. ఇంటికి చేరాడో లేదో అడగడానికి మనిషి లేడు, ఉన్నా అక్కడ ఆ మాట ఎత్తగలిగే రోజులు కావు. ఇప్పుడా విల్లా పడగొట్టి అంతస్తులు లేపారు, చెట్టున్న చోట కార్ల కోసం బండలు పరిచారు. ఇంటావిడ పోయింది, చిన్నాయన పోయాడు. ఈ ముక్క ఇప్పుడు ఎవరి ముందైనా నిశ్చింతగా చెప్పొచ్చు. ఎవరికీ ఏమీ కాదు.